వంటకత్తె మేరీ మాలన్ – ఒక నాటకవస్తు విచారము

నాటకమునకు వస్తువు కావలెనన్నచో మన విద్యార్థులు మొట్టమొదట పురాణములను, పిమ్మట రాజుల చరిత్రములను వెదకుదురు. యుద్ధమో, శాపమో, సింహాసనమో లేనిదే రంగస్థలము నిండదని పలువురి తలంపు. అట్టివారి కొఱకు ఒక వంటకత్తె కథను ఇచ్చట విచారింపదలచితిమి. ఈమె రాణి కాదు, వీరవనితయు కాదు. పొట్ట చేతబట్టుకొని ఐర్లండు దేశమునుండి అమెరికాకు వలసపోయిన పేదపిల్ల. పేరు మేరీ మాలన్. లోకము ఆమెకు పెట్టిన పేరు ‘టైఫాయిడు మేరీ’. ఆ రెండవ పేరును ఆమె చనిపోవువఱకు అసహ్యించుకొనెను. ఆమె వృత్తాంతమును నవలలుగా వ్రాసినవారు కలరు, నాటకములుగా కట్టినవారును కలరు. మార్క్ సెయింట్ జెర్మేన్ అను అమెరికా నాటకకర్త తన నాటకమునకు పెట్టిన పేరునకు ‘టైఫాయిడు మేరీని క్షమించుట’ యని యర్థము. ఆ పేరే ఒక ప్రశ్న. క్షమింపవలసినవా రెవరు? దేని నిమిత్తము? తెలియక చేసిన కీడు ఒకటి, తెలిసిన పిదప చేసిన కీడు మఱియొకటి; ఈ రెండును ఒకే మనుష్యురాలి జీవితమున నున్నవి.

ముందుగా రోగమును గూర్చి కొంత చెప్పవలెను. ప్రేక్షకులకు రోగతత్త్వము తెలియనిచో ఈ నాటకము వారికి రుచింపదు. టైఫాయిడును మనవారు సన్నిపాత జ్వరమనియు, ఆంత్రజ్వరమనియు వ్యవహరించెడివారు. దీని క్రిమిని 1880లో ఎబెర్త్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1884లో గాఫ్కీ దానిని ప్రయోగశాలలో పెంచి చూపెను. ఈ క్రిమికి మానవశరీరమే నివాసము. పశుపక్ష్యాదులలో ఇది కాపురముండదు. రోగి మలమూత్రములతో వెలువడి, నీటిలోనో, పాలలోనో, చేతుల నంటుకొని భోజనపదార్థములలోనో చేరి, మఱియొకని నోటబడును. జ్వరము మూడు నాలుగు వారములు వదలక కాయును. తగిన మందులు లేని దినములలో నూటికి పదిమందియో అంతకు మించియో మరణించుచుండిరి.

కోలుకొన్నవారిలో నూటికి ఇద్దరు మొదలు ఐదుగురి వఱకు క్రిమి పూర్తిగా విడువదు. అది పిత్తాశయమున దాగియుండి, యేండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతమువఱకు, ప్రేగుల ద్వారమున వెలువడుచునే యుండును. అట్టివారు చూపునకు ఆరోగ్యవంతులు. తిందురు, తిరుగుదురు, పనిచేయుదురు. వారిని రోగవాహకు లందురు. మొదటి జ్వరమే మిక్కిలి స్వల్పముగ వచ్చి పోయినచో తమకా రోగము సోకెనన్న సంగతియే వా రెఱుగరు. తన కెన్నడును టైఫాయిడు రాలేదని మేరీ కడవఱకు చెప్పెను. ఆమె అబద్ధమాడినదని మేము తలంపము.

ఆమె 1869వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఐర్లండులోని టైరోన్ మండలమున కుక్స్‌టౌన్ అను ఊర జన్మించెను. సుమారు పదునైదేండ్ల ప్రాయమున సముద్రము దాటి న్యూయార్కు చేరెను. ఇంటిపనులతో మొదలుపెట్టి వంటపనిలో ఆరితేరెను. ఆ కాలమున అచ్చటి ధనికుల యిండ్లలో మంచి వంటకత్తెకు తక్కిన పనివారికంటె జీతమును మర్యాదయు హెచ్చు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ నడిమికి వచ్చునప్పటికి దీనితోనే పని.

1906వ సంవత్సరపు వేసవిలో వారెన్ అను న్యూయార్కు బ్యాంకరు లాంగ్ ఐలండులోని ఆయిస్టర్ బే అను ఊర ఒక యిల్లు అద్దెకు తీసుకొనెను. (అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు వేసవిలో విడియు ఊరును అదియే; కావున అచ్చట టైఫాయిడు పుట్టుట సామాన్యమైన అపఖ్యాతి కాదు.) ఆగస్టు చివరి దినములలో ఆ యింటనున్న పదునొకండుగురిలో ఆరుగురికి జ్వరము తగిలెను. తన యింటి నిక నెవరును అద్దెకు తీసుకొనరని యజమానికి భయము పుట్టెను. అతడు జార్జ్ సోపర్ అను పారిశుద్ధ్య ఇంజనీరును పిలిపించెను. సోపర్ నీటిని, పాలను, మురుగుకాలువలను పరీక్షించెను. ఆలుచిప్పలను తినుటవలన వచ్చెనేమో యని కొంతకాలము అనుమానించెను. ఏదియు నిలువలేదు. తుదకు ఆ యింట మారినదేమి యని విచారింపగా, ఆగస్టు 4వ తేదీన క్రొత్త వంటకత్తె వచ్చినదనియు, రోగము పుట్టిన కొలదివారములకే ఆమె వెడలిపోయినదనియు తేలెను.

ఇచ్చట ఒక చిక్కు. వండిన వేడి పదార్థములలో క్రిమి బ్రదుకదు గదా! వంటకత్తెవలన రోగ మెట్లు వ్యాపించెను? సోపర్ విచారింపగా ఆమె పచ్చి పీచుపండ్లను కోసి ఐస్‌క్రీములో కలిపి పెట్టుటలో నేర్పరి యని తెలిసెను. నిప్పు తగులని ఆ తినుబండారమునకును క్రిమికిని నడుమ ఆమె చేతులు తప్ప మఱేమియు లేదు. అంతట అతడు ఆమె పూర్వము పనిచేసిన యిండ్లను వెదకికొనుచు పోయెను. ఎనిమిది కుటుంబములను కనుగొనగా, వానిలో ఏడింట టైఫాయిడు పుట్టియుండెను. రోగము పాలైనవారు ఇరువదియిద్దరు.

ఆ యిండ్లలో ఒకటి మెయిన్ రాష్ట్రములోని డార్క్ హార్బరులో నుండెను. 1902లో అచ్చటి కుటుంబమంతయు జ్వరముతో పడియుండగా, మేరీ విడిచిపోక రాత్రింబవళ్లు రోగులకు పరిచర్య చేసెను. యజమాని సంతోషించి జీతముగాక ఏబది డాలర్లు బహుమాన మిచ్చెను. నాటకము వ్రాయదలచినవారికి ఇంతకంటె మంచి రంగము దొరకునా? ఇచ్చువానికి తెలియదు, పుచ్చుకొనుదానికి తెలియదు. ప్రేక్షకులకు మాత్రము తెలియును. ఆమె ప్రేమతో చేసిన సేవయు, ఆమె చేతులు చేసిన కీడును ఒకే గదిలో, ఒకే గడియలో జరిగినవి. సోపరు రాకతో నాటకమును మొదలుపెట్టు రచయితలు దీనిని కేవలము మాటలలో చెప్పించి దాటించుట పొరపాటని మా యభిప్రాయము. తెర లేవవలసినది ఇచ్చటనే.

1907 మార్చిలో సోపర్ ఆమెను న్యూయార్కులో పార్కు ఎవెన్యూ మీది యొక యింట కనుగొనెను. ఆ యింటి కూతురు టైఫాయిడుతో మంచమెక్కియుండి, పిమ్మట మరణించెను. అతడు తిన్నగా వంటయింటికి పోయి, నీవలన జనులకు రోగము వచ్చుచున్నది, నీ మలమూత్రములను రక్తమును పరీక్ష కిమ్మని యడిగెను. మేరీ మాంసము కోయుటకు వాడు పెద్ద ముళ్లగరిటె నెత్తి అతని మీదికి పోగా, అతడు వీథిలోనికి పరుగెత్తెను. దీనిని చదువునపుడు కొందరు నవ్వుదురు. కాని యొక్క నిమిషము ఆమెవైపు నిలిచి చూడవలెను. ముక్కుమొగ మెఱుగని పురుషు డొకడు, తన పని చోటికి వచ్చి, ఇరుగుపొరుగు వినుచుండగా, ఇట్టి మాట లాడినచో ఏ స్త్రీ సహించును? సోపర్ చేసిన శోధన గొప్పది. ఆతని మాటతీరు మాత్రము గొప్పది కాదు.

తరువాత ప్రభుత్వమువారు జోసెఫిన్ బేకరు అను వైద్యురాలిని పంపిరి. నాటకకర్తలు ఈమెను పోలీసుల వెంట వచ్చిన చిన్న పాత్రగా చేసి విడుచుట తగదు. ఈమెకు పదునారేండ్ల వయసున తండ్రి టైఫాయిడుతోనే మరణించెను. తండ్రి పోవుటచేతనే కుటుంబభారము నెత్తిన పడి, వైద్యవిద్య నభ్యసించెను. అట్టి వైద్యురాలు మేరీ తలుపు తట్టినది! మేరీ మరల ముళ్లగరిటెతోనే యెదురై, వెనుదిరిగి మాయమయ్యెను. పోలీసులు కొన్నిగంటలు వెదకిరి. తుదకు ఒక చిన్న గది తలుపుసందున చీరుకొని నిలిచిన గుడ్డపేలిక కనబడెను. ఆ తలుపునకు అడ్డముగా బూడిదడబ్బాలు పేర్చియుండెను. అనగా తోడి పనివారు ఆమెను దాచిరి. ధనికులకు భయము కలిగించినది పేదలకు స్నేహితురాలే. పెనుగులాడుచున్న ఆమెను ఆసుపత్రికి కొనిపోవునప్పుడు బండిలో తాను ఆమెపై కూర్చుండవలసి వచ్చెనని బేకరు తన స్వీయచరిత్రమున వ్రాసినది. ఆ గ్రంథమందే, తరువాతి కాలమున తనకు మేరీయం దభిమానము కలిగెననియు, ఆమె పక్షము అర్థమయ్యెననియు చెప్పినది.

పరీక్షలో క్రిములు కనబడెను. మేరీని ఈస్టు నదిలోని నార్త్ బ్రదర్ ద్వీపమునకు పంపి, రివర్‌సైడ్ ఆసుపత్రి సమీపమున ఒక చిన్న కుటీరములో నుంచిరి. 1909 వఱకు ఆమె మలమును 163 పర్యాయములు పరీక్షింపగా 120 పర్యాయములు క్రిములున్నట్లు తేలెను. ఆమె తన ఖర్చుతో మఱియొక ప్రయోగశాలకు పంపిన మచ్చులలో క్రిములు లేవని జవాబు వచ్చెను. ఇందులో ఎవరి మోసమును లేదు. క్రిమి ప్రతిదినము వెలువడదు. కొన్నినాళ్లు కనబడును, కొన్నినాళ్లు కనబడదు. చదువుకొననివారికి దీనిని ఓపికతో బోధించు వైద్యుడు ఒక్కడున్నను కథ వేరుగా నడచియుండునేమో. పిత్తాశయమును కోసివేయుదు మనిరి. ఆ దినములలో ఆ శస్త్రచికిత్స ప్రాణములకు ముప్పు. రోగమే లేని నాకు కోత యెందులకని ఆమె నిరాకరించెను.

1909లో ఆమె న్యాయస్థానము నాశ్రయించెను. ఓనీల్ అను న్యాయవాది ఆమె పక్షమున నిలిచెను. నగర చట్టమున అంటురోగముతో బాధపడు ‘రోగిని’ వేరుచేయు అధికారము ఆరోగ్యశాఖకు కలదు. మేరీ రోగి కాదు. ఏ నేరమును ఆమెపై మోపబడలేదు, ఏ విచారణయు జరుగలేదు. అయినను న్యాయస్థానము ఆమెను విడువలేదు. అదే సంవత్సరము జూన్ 20వ తేదీన ఒక న్యూయార్కు పత్రిక ఆమె కథను ప్రకటించుచు, పెనములో పుఱ్ఱెలను పగులగొట్టి వేయుచున్న స్త్రీ బొమ్మను ముద్రించెను. పేరు బయటబడినది, ముద్ర పడినది. తన్ను జనులకు వింతవస్తువుగా చేసిరని ఆమె ఒక జాబులో మొఱపెట్టుకొనెను.

ఇట్టి సంకటము తెలుగు నాటకములను చదివినవారికి క్రొత్త కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి గయోపాఖ్యానమును తలచుకొందము. ఆకాశమార్గమున పోవుచు గయుడు ఉమిసిన తాంబూలము అర్ఘ్యమిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిట పడినది. అతడు తెలిసి చేయలేదు. అయినను ఉమ్మి పడినమాట నిజము. కృష్ణుడు చంపుదునని ప్రతిజ్ఞ చేసినాడు. సంగతి వినకయే అర్జునుడు అభయమిచ్చినాడు. ఇద్దరి మాటయు నిలువవలసినదే, ఇద్దరి మాటయు నిలుచుటకు వీలులేదు. మన జనులు ఆ నాటకమును అన్ని యేండ్లు విడువక చూచుటకు పద్యములు మాత్రమే కారణము కాదని మేము నమ్ముదుము. దుర్మార్గుడు లేని కలహము చూపఱుల నూరకుండనీయదు. మేరీ కథయు అట్టిదే. ఊరి పిల్లలు బ్రదుకవలెనన్న బేకరు మాట ధర్మము. నేరము లేనిదే నన్నేల బంధించితిరన్న మేరీ మాటయు ధర్మము. భేదమొక్కటే: గయుడు తన తప్పును వెంటనే తెలిసికొని వణకెను, మేరీ నమ్మలేదు. కంటికి కానరాని పురుగు తన కడుపులో నున్నదని పరు లన్నమాత్రమున ఎట్లు నమ్మును?

1910 ఫిబ్రవరిలో క్రొత్త ఆరోగ్యాధికారి లెడర్లే ఆమెను విడుదల చేసెను. ఇక వంటపని చేయనని ఆమె వ్రాసియిచ్చెను. ఉతుకుపనిలో కుదిర్చిరి. ఆ పనికి జీతము తక్కువ, శ్రమ హెచ్చు. ప్రభుత్వము ఆమెకు మఱియొక వృత్తి నేర్పలేదు, నెలకింత యని ఇచ్చి పోషింపను లేదు. పాఠకులను జ్ఞాపకముంచుకొనుమని కోరినది ఇందులకే. కొంతకాలమునకు ఆమె అధికారుల కంటబడకుండ పోయి, మేరీ బ్రౌన్ అను మాఱుపేరుతో మరల వంటయింట చేరెను.

ఎచ్చట చేరెను? 1915 ఆరంభమున న్యూయార్కులోని స్లోన్ స్త్రీల ఆసుపత్రిలో టైఫాయిడు పుట్టెను. కానుపులకు వచ్చిన స్త్రీలును శిశువులును ఉండు చోటు. ఇరువదియైదుగురికి జ్వరము తగిలి ఇద్దరు మరణించిరి. సోపరును పిలిచిరి. తోడి పనివారు ఆ వంటకత్తెను వేళాకోళమునకు ‘టైఫాయిడు మేరీ’ యని పిలుచుచుండిరని అతడు వ్రాసియున్నాడు. వారి హాస్యము నిజమని వారికి తెలియదు. ఆ పిలుపు విన్నప్పుడు ఆమె గుండె యెట్లుండెనో చరిత్రకారు లెవరును చెప్పలేరు. నటి చెప్పవలెను, మాటలు లేకుండ.

మేరీని సమర్థింపదలచువారు ఈ రంగమునొద్ద తడబడుదురు. 1907కు ముందు జరిగినది తెలియక జరిగినది. 1915లో జరిగినది అట్లు కాదు. నమ్మినను నమ్మకున్నను, ఆమె మాట యిచ్చినది; మాట తప్పి, పేరు మార్చి, బాలింత లుండు చోట వండినది. ఇద్దరు చనిపోయిరి. వారికిని ఇండ్లు వాకిండ్లు కలవు. ఆ యిద్దరిని రంగమున చూపక మేరీ కన్నీటిని మాత్రమే చూపు నాటకము ఏకపక్షము. అట్లే ఆమెను రాక్షసిగా చూపి ఉతుకుపని కూలిడబ్బులను చూపని నాటకమును ఏకపక్షమే. ఆమె మూలమున ఏబదియొక్కరు రోగము పాలైరనియు, ముగ్గురు మరణించిరనియు సామాన్యముగా చెప్పు లెక్క. ఇదే కాలమున టోనీ లాబెల్లా అను ఇటలీ దేశస్థునివలన నూటికి మించినవారికి రోగము తగిలి ఐదుగురు మరణించిరి. అతనిని యావజ్జీవము బంధింపలేదు. 1924లో కోటిల్స్ అను రొట్టెలదుకాణపు యజమాని నిషేధమును మీఱి తన దుకాణములో పట్టుబడెను. ఇక టెలిఫోనుమీదనే వ్యాపారము నడిపెదనని మాట యిచ్చుటచేత న్యాయాధిపతి అతనిని విడిచెను. న్యూయార్కులో రోగవాహకులని తెలిసినవారు వందలకొలది యుండిరి. ఇంతమందిలో ద్వీపమున ముసలిదగువఱకు ఉన్నది మేరీ యొక్కతెయే. ఆమె స్త్రీ యగుట, ఒంటరిది యగుట, పరదేశపు పనికత్తె యగుట దీనికి కారణములు కావని చెప్పుటకు మాకు నోరు రాదు.

నేటి సంగతి కొంత. 1948లో క్లోరాంఫెనికాల్ అను మందు టైఫాయిడునకు ప్రయోగింపబడి, ఆ జ్వరపు మరణములను మిక్కిలి తగ్గించెను. రోగవాహకులకును ఇప్పుడు మందులు కలవు. నిర్బంధము అవసరము లేదు. మందులకు లొంగని క్రిములు పుట్టుచున్నవి గనుక టీకాకు ప్రాముఖ్యము హెచ్చినది. ఇందులో మన తెలుగువారి పాలు కలదు: హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ అను టైఫాయిడు టీకాను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017 డిసెంబరులో అంగీకృతముల జాబితాలో చేర్చెను. ఆరునెలల శిశువునకును దానిని వేయవచ్చును. రోగలక్షణములు లేనివాడు రోగమును మోయగలడన్న మాట 2020లో కరోనా కాలమున మన యిండ్లలో ప్రతివారికిని అనుభవమునకు వచ్చినది. తమకేమియు లేదని చెప్పి గదిలోనుండుటకు ఒప్పుకొననివారిని మనమందఱమును చూచితిమి. కావున ఈ నాటకము నిప్పుడు చూచువారు మేరీని చూచి ఊరక నవ్వజాలరు.

ఇక దీనిని ఆడదలచు విద్యార్థులకు కొన్ని సూచనలు. పాత్రలు ఏడెనిమిది చాలును: మేరీ, సోపర్, బేకరు, న్యాయవాది, లెడర్లే, ఇద్దరు తోడి పనికత్తెలు, ఒక బాలింత. తెరలును అలంకారములును అంతగా నక్కఱలేదు. ఒక బల్ల, ఒక గిన్నె, నీళ్లకూజా, చేతిగుడ్డ. గిన్నె మొదటినుండి తుదివఱకు రంగముమీదనే యుండవలెను. మేరీ చేతులు కడుగుకొనునా లేదా యని ప్రేక్షకులు తమంతట తామే కనిపెట్టుదురు. ఎవరును దానిని నోట చెప్పకుండుట మంచిది. క్రిమిని వేషము వేసి చూపు ప్రయత్నము వద్దు, నవ్వులపాలగును. మేరీకి ఐరిష్ యాస పెట్టవలెనను చింతయు వద్దు. పనివారు తమలో మాటలాడు తెలుగు ఆమెకిచ్చి, అధికారులకు కాగితపు తెలుగు ఇచ్చినచో భేదము తానే తెలియును.

చివరిరంగమును గూర్చి పలువురు తికమక పడుదురు. 1915 మార్చిలో ద్వీపమునకు మరలిన మేరీ అచ్చటనే ఇరువదిమూడేండ్లు గడపెను. కొంతకాలమునకు నగరమునకు పోయి సాయంకాలమునకు తిరిగివచ్చుట కనుమతించిరి. ఆమె పోవుచుండెను, వచ్చుచుండెను, పాఱిపోలేదు. ద్వీపమందలి ఆసుపత్రి ప్రయోగశాలలో ఆమెకు పని దొరకెను. 1932 డిసెంబరులో పక్షవాతము తగిలి మంచము పట్టెను. 1938 నవంబరు 11వ తేదీన మరణించెను. బ్రాంక్సులోని సెయింట్ రేమండ్ శ్మశానమున పాతిపెట్టిరి. అంత్యప్రార్థనకు వచ్చినవారు తొమ్మిదిమంది. కొందరు రచయితలు శవపేటికను రంగమున చూపుదురు. మేమైతే ప్రయోగశాలను చూపుదుము. తెల్లని పైగుడ్డ తొడుగుకొన్న నెరసిన స్త్రీ ఒక్కతె గాజుసీసాలను వరుసగా సర్దుచుండును. ఒక్కొక్క సీసామీద చీటీ యుండును, ఒక్కొక్క చీటీమీద రోగి పేరుండును. ఆమె ఆ పేళ్లను నెమ్మదిగా చదువుకొనుచుండగా దీపము తగ్గింపవచ్చును.